గోడలోని చెమ్మ

తెలుగులో 'బూజు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఇంటి మూలల్లో సాలెపురుగు అల్లిన దారాలకు దుమ్ము పట్టి వేలాడేదీ బూజే. ఊరగాయ జాడీలో, నిలవ రొట్టె మీద, వానకు తడిసిన తోలు చెప్పుల మీద నూగులా పుట్టుకొచ్చేదీ బూజే. మొదటిది నిర్జీవం. పొడుగాటి కర్రకు చీపురు కట్టి ఒక్క దులుపు దులిపితే రాలిపోతుంది. రెండవది సజీవం. దానికి ఆకలి ఉంది, దాహం ఉంది, సంతానం ఉంది. దానిని దులిపితే గాలిలోకి లేచి మరొక చోట వాలుతుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల కాబోలు, ఈ రెండవ బూజుకు కూడా చాలా ఇళ్లలో మొదటి బూజుకు చేసే చికిత్సే చేస్తుంటారు. పండుగ ముందు గుడ్డతో తుడుస్తారు. చుట్టాలు వస్తున్నారంటే మచ్చ మీద ఒక పూత రంగు వేయిస్తారు. కొన్ని నెలలు గడిచేసరికి అదే గోడ మీద, అదే చోట, అదే మచ్చ మళ్లీ కనిపిస్తుంది.

కృష్ణా డెల్టా నీటివల్ల బతికిన నేల. 1855 నాటికి విజయవాడ వద్ద కృష్ణకు అడ్డంగా ఆనకట్ట నిర్మాణం పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడినుంచి బయలుదేరే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు నగరం నడుమనుంచే పొలాలకు సాగిపోతాయి. సముద్రం కూడా మరీ దూరం కాదు. అందువల్ల ఇక్కడి వేసవికి రెండు ముఖాలు. పగలు ఎండ 45 డిగ్రీల దాకా మండుతుంది. బెజవాడను 'బ్లేజ్‌వాడ' అని చమత్కరించడం అందుకే. పొద్దువాలితే సముద్రపు గాలి తేమను మోసుకువస్తుంది. ఒంటిమీద చెమట ఆరదు. ఆ ఉక్కపోతను తట్టుకోవడానికి పూర్వం ఇళ్లకు మందపు గోడలు, ఎత్తైన కప్పులు, నడుమ మండువా, ఎదురెదురుగా కిటికీలు ఉండేవి. గాలి ఒక వైపునుంచి వచ్చి మరొక వైపుకు పోయేది. దానితోపాటే తేమ కూడా పోయేది. నేటి అపార్టుమెంటు గదికి ఆ వీలు తక్కువ. ఏసీ పెట్టిన తరువాత ఉన్న ఒక్క కిటికీ కూడా మూతబడుతుంది.

విచిత్రమేమంటే ఎయిర్ కండిషనర్ మొదట పుట్టింది మనుషులకు చల్లదనం ఇవ్వడానికి కాదు, గాలిలోని తేమను అదుపు చేయడానికి. అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం ఉండేది. వేసవిలో గాలి తేమకు అక్కడి కాగితం సాగేది, పొడివేళ ముడుచుకునేది. ఒక రంగు మీద మరొక రంగు సరిగా కూర్చునేది కాదు. ఈ చిక్కును తీర్చడానికి 1902లో విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు ఒక ఏర్పాటును రూపొందించాడు. నేటి ఏసీకి అదే మూలం. చల్లని నీళ్లున్న గ్లాసును వేసవిలో బల్ల మీద పెడితే గ్లాసు వెలుపల చెమట పోసినట్లు నీటిబిందువులు చేరతాయి. ఏసీలో జరిగేదీ అదే. గదిలోని వెచ్చని గాలి చల్లని తీగచుట్టల మీదుగా పోయేటప్పుడు దానిలోని తేమ నీరై కారుతుంది. ఆ నీరు కింద ఉన్న పళ్లెంలో చేరి, సన్నని గొట్టం ద్వారా వెలుపలికి పోవాలి. తేమ ఎక్కువగా ఉన్న రోజున గంటకు లీటరుకు పైగా నీరు ఇలా చేరవచ్చు. రాత్రంతా యంత్రం నడిస్తే తెల్లవారేసరికి సగం బకెట్టుకు పైగా నీరు! అది వెలుపలికి పోయినంతకాలం దాని ఉనికే ఎవరికీ తెలియదు. పోవలసిన దారి మూసుకుపోయిన నాడు ఆ నీరు గోడలోకి దారి వెతుక్కుంటుంది.

విజయవాడ సత్యనారాయణపురం వంటి పేటలలో ఇటువంటి కథ నడిచే ఇళ్లు ఎన్నో ఉంటాయి. అటువంటి ఒక ఇంటిలో భర్త చిరుద్యోగి, భార్య పాఠశాలలో ఉపాధ్యాయిని. వారికి ఏడేళ్ల కూతురు. రెండవ అంతస్తులో రెండు గదుల వాటా. వాయిదాల మీద ఏసీ కొని పడకగదిలో పెట్టించారు. రెండవ వేసవిలో యంత్రం కింద గోడమీద అరచేయంత గోధుమరంగు మచ్చ పడింది. తరువాత రంగు పొక్కులు తేలింది. బీరువా వెనుక నల్లని చుక్కలు మొలిచాయి. దసరాకు ముందు మేస్త్రీ వచ్చి, పొక్కులు గీకి, లప్పం పెట్టి, లేత నీలం రంగు వేసి వెళ్లాడు. గది కొత్తగా మెరిసింది. మరుసటి వేసవి నడిమికల్లా నీలం రంగు కిందనుంచి నలుపు తొంగిచూసింది.

ఈలోగా పాపకు దగ్గు పట్టుకుంది. పగలు బాగానే ఆడుకునేది. అర్ధరాత్రి దాటిన తరువాత దగ్గుతూ లేచి కూర్చునేది. తెల్లవారుజామున వరుసగా తుమ్ములు. మందులు వాడితే తగ్గేది, మానితే తిరగబెట్టేది. సెలవులకు అవనిగడ్డ దగ్గరి పల్లెకు, నాయనమ్మ ఇంటికి పంపితే అక్కడ ఉన్నన్నాళ్లూ మందు లేకుండానే నిద్రపోయేది. పల్లెలో దుమ్ము ఎక్కువ, నగరంలో తక్కువ. మరి దగ్గు నగరంలోనే ఎందుకు వస్తున్నదో తల్లికి అంతుపట్టలేదు. చివరకు వైద్యుడు ఒక ప్రశ్న వేశాడు: "పాప పడుకునే గదిలో గోడలకు చెమ్మ ఉందా అమ్మా?" ఆ ప్రశ్నతో ఆమెకు బీరువా వెనుక గోడ గుర్తుకు వచ్చింది.

ఆ వారమే నాయనమ్మ ఊరినుంచి వచ్చింది. కోడలు గోడ చూపించింది. ఆమె అరచేతిని గోడకు ఆనించి, కాసేపు ఉంచి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ధాన్యం పురులను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న చెయ్యి అది.

"అమ్మాయ్! మీరు ఈ గోడకు బట్టలు మారుస్తున్నారు గానీ ఒళ్లు తుడవడం లేదు. తడి ఒంటిమీద ఎన్ని కొత్త బట్టలు కట్టినా జలుబు తగ్గుతుందా?"

"మరేం చేయాలంటారు అత్తయ్యగారూ?"

"ముందు నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడండి. రంగు సంగతి తరువాత చూసుకోవచ్చు."

మెకానిక్కు వచ్చి యంత్రం మూత విప్పాడు. జల్లెడ నిండా దుమ్ము. పళ్లెంలో జిగట పాచి. గోడలోనుంచి పోయే గొట్టం మధ్యలో ఆ పాచి అడ్డుపడి ఉంది. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. గొట్టం వెలుపలి వైపుకు వాలి ఉండవలసింది పోయి, ఒకచోట లోపలికే వాలి ఉంది. "యంత్రం తప్పేమీ లేదు సార్. వాలు తప్పింది. నీళ్లు ఎత్తుకు ఎక్కవు కదా!" అన్నాడతను. 'నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు' అన్న సామెతలోని మొదటి సగం ఆ గోడలో రెండేళ్లుగా తన పని తాను చేసుకుపోతున్నది.

అంతటితో అయిపోలేదు. కిటికీలోనుంచి వంగి చూసిన మెకానిక్కు, గొట్టం వెలుపలి కొన గోడకు జానెడు దూరంలోనే ఆగిపోయిందని చూపించాడు. లోపలికి ఇంకగా మిగిలిన నీరు చుక్కచుక్కగా కింది అంతస్తువారి సన్‌షేడ్ మీద పడుతున్నది. అక్కడ పచ్చని నాచు పట్టి ఉంది. ఆ నాచును చూసిన ఇంటివారిమధ్య ఆ సాయంత్రం చిన్న చర్చ నడిచింది. కింది వాటాలో ఉండే విశ్రాంత ఉద్యోగి తన గది గోడ చెమ్మగిల్లుతున్నదని అంతకుముందు ఒకటి రెండుసార్లు అనడం వారికి తెలుసు. స్నానాలగది గొట్టాలను అనుమానించి ఆయన పగలగొట్టించి చూసుకున్నాడు కూడా. ఇప్పుడు నిజం చెబితే మరమ్మతు ఖర్చు మీద పడవచ్చు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గొట్టం సరిచేస్తే సమస్య ఎలాగూ పోతుంది. "గుట్టుగా బాగుచేయించుకుంటే చాలదా?" అన్నాడు భర్త. భార్య వెంటనే బదులు చెప్పలేదు. నిద్రపోతున్న పాప వంక చూసింది. "ఆయనకూ మనవడున్నాడండీ. వాడు ఆ గదిలోనే పడుకుంటాడు" అన్నది.

మరునాడు భర్త మెట్లు దిగి వెళ్లి ఉన్నమాట చెప్పాడు. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీరు చెప్పకపోతే ఈ ఏడు కూడా రంగే వేయించి ఉండేవాణ్ణి బాబూ" అన్నాడు. ఖర్చును ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని సర్దుకున్నారు. గొట్టాన్ని సరైన వాలుతో మళ్లీ అమర్చి, నేలదాకా పొడిగించి, ప్రహరీ పక్కన ఉన్న బాదం చెట్టు మొదట్లోకి వదిలారు. పొక్కిన ప్లాస్టరును తీసివేయించారు. ఆ తరువాతి పనే అన్నిటికంటే కష్టమైనది: ఏమీ చేయకుండా వేచి ఉండడం. బీరువాను జరిపి, కిటికీ తెరిచి, పంకా తిప్పుతూ మూడు వారాలపాటు గోడను ఆరనిచ్చారు. వచ్చిన చుట్టాలు ఇటుకలు కనిపిస్తున్న గోడను చూసి ఏమనుకున్నా పట్టించుకోలేదు. పాప దగ్గు ఒక్కసారిగా మాయం కాలేదు. చలికాలంలో ఒకటి రెండుసార్లు తిరిగి వచ్చింది. అయితే అర్ధరాత్రి లేచి కూర్చోవడం మాత్రం ఆగింది.

ఇంతకూ ఆ నల్లని చుక్కలు ఏమిటి? అవి శిలీంధ్రాలు. వానాకాలంలో గడ్డివాముల దగ్గర మొలిచే పుట్టగొడుగులకు దగ్గరి చుట్టాలు. వాటి సిద్ధబీజాలు కంటికి కనిపించనంత చిన్నవి. అవి అన్ని ఇళ్ల గాలిలోనూ, అన్ని కాలాల్లోనూ తేలుతూనే ఉంటాయి. వాటిని పూర్తిగా తరిమివేయడం ఎవరి తరమూ కాదు. రంగులోని జిగురు, కాగితం, చెక్క, దుమ్ము అన్నీ వాటికి ఆహారమే. అంటే విత్తనం ఉంది, తిండి ఉంది, లేనిది నీరొక్కటే. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొలకెత్తడానికి అదను దొరికినట్లే. ఈ జాతి అంతా మనిషికి శత్రువని కూడా అనరాదు. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ తన ప్రయోగశాలలో ఒక గాజుపళ్లెంలో పట్టిన బూజును పారవేయకుండా పరిశీలించడం వల్లనే పెన్సిలిన్ లోకానికి దక్కింది. నేలమీద రాలిన ఆకును మట్టిగా మార్చేదీ ఈ జాతే. అడవిలో మేలు చేసేది పడకగదిలో కీడు చేస్తుంది.

ఆ కీడు ఊహ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని చెమ్మ, బూజుల గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. చెమ్మగిల్లిన ఇళ్లలో నివసించేవారికి శ్వాసకోశ వ్యాధులు, ఉబ్బసం ఉధృతం కావడం వంటి ముప్పు ఎక్కువని అది పేర్కొన్నది. గాలిలో ఇంత బూజు ఉంటే ఫరవాలేదు, ఇంత దాటితే ప్రమాదం అని లెక్క కట్టడం సాధ్యం కాదని, అసలు చెమ్మనే నివారించాలని చెప్పింది. నాయనమ్మ చేతితో తడిమి చెప్పిన మాట, ఆ సంస్థ శాస్త్రీయంగా చెప్పిన మాట ఒకటే.

ఆ మాటను పెడచెవిన పెడితే ఏమవుతుందో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో జరిగిన ఒక విషాదం చెబుతుంది. అక్కడ ఒక గృహనిర్మాణ సంస్థకు చెందిన చిన్న ఇంటిలో నివసించే కుటుంబం గోడలకు బూజు పట్టిందని ఫిర్యాదు చేసింది. దానిపై రంగు వేసుకోమని వారికి సలహా దొరికింది. 2020 డిసెంబరులో, రెండేళ్లు నిండిన కొద్దిరోజులకే, ఆ ఇంటి బిడ్డ అవాబ్ ఇషాక్ శ్వాసకోశ వ్యాధితో మరణించాడు. ఇంటిలోని బూజు మధ్య దీర్ఘకాలం జీవించడమే దానికి కారణమని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. 2023లో అక్కడి పార్లమెంటు చేసిన చట్టంలో ఆ బిడ్డ పేరుతో పిలిచే నిబంధనలకు చోటు దక్కింది. 2025 అక్టోబరునుంచి అవి అమలులోకి వచ్చాయి. చెమ్మ, బూజు గురించి ఫిర్యాదు అందితే సామాజిక గృహ సంస్థలు నిర్ణీత గడువులోగా పరిశీలించి బాగుచేయాలి. గోడమీది మచ్చను రంగుతో కప్పడం ఎంత ఖరీదైన పనో ఒక దేశానికి అలా తెలిసివచ్చింది.

కృష్ణా తీరవాసులకు ఈ పాఠం కొత్తది కాదు. వారి వంటింట్లో, కల్లంలో అది ఎప్పటినుంచో ఉంది. ఆవకాయ పెట్టేనాడు మామిడికాయలను కడిగి, తడి లేకుండా తుడిచి గానీ ముక్కలు కొట్టరు. జాడీని ఎండబెడతారు. ముక్కల మీద నూనె తేలేలా చూసి, వాసెన కట్టి, తడి చెయ్యి తగలనీయరు. ఏడాది పొడవునా కారం, ఉప్పు, నూనెలతోపాటు ఆ పొడితనమే పచ్చడిని కాపాడుతుంది. ధాన్యం విషయంలోనూ అంతే. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాలలో ధాన్యానికి 17 శాతం తేమను పరిమితిగా పాటిస్తారు. రైతు మాత్రం యంత్రం కంటే ముందే గింజను పంటికింద కొరికి చూసుకుంటాడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకు వచ్చిన పంట తడిసింది. డెల్టా రైతులు రహదారుల మీద ధాన్యం ఆరబోసుకుని, మబ్బు పట్టినప్పుడల్లా పట్టాలు కప్పుతూ, ఎండ రాగానే తీస్తూ పడిన పాట్లు ఆ తేమతో చేసిన యుద్ధమే.

ఏటేటా గోడలకు సున్నం వేయడంలోనూ ఇదే వివేకం ఉంది. సున్నం క్షారగుణం కలది. ఆ గుణం నిలిచినంతకాలం బూజు దాని మీద సులభంగా మొలవదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి క్రమంగా ఆ గుణం తగ్గుతుంది కాబట్టి మళ్లీ వేయవలసి వస్తుంది. పైగా సున్నం గోడ లోపలి తడిని బయటకు పోనిస్తుంది. నేటి మెరిసే రంగులు పలుచని పొరలాగా గోడను కప్పివేస్తాయి. లోపల తడి ఉంటే అది ఆ పొర వెనుకే నిలిచి పొక్కులై లేస్తుంది.

2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి గండ్లు పడినప్పుడు నగరంలోని సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీట మునిగాయి. బెజవాడ దుఃఖదాయనిగా పేరుపడిన ఆ వాగు తగ్గిన తరువాత ఇళ్లలో బురద, తడిసిన పరుపులు, నానిన గోడలు మిగిలాయి. ఏసీ గొట్టంలోనుంచి చుక్కచుక్కగా వచ్చినా, వాగు పొంగి నిలువెత్తున వచ్చినా, నీరు గోడలో చేరిన తరువాత చేయవలసిన పని ఒకటే. ముందు నీటి రాకను ఆపాలి. తరువాత ఆరబెట్టాలి. ఆ తరువాతనే శుభ్రం చేయడం, అన్నిటికంటే చివర రంగు.

శుభ్రం చేయడంలోనూ కొన్ని జాగ్రత్తలు అవసరం. బూజును పొడిగా దులపకూడదు. ముక్కుకు, నోటికి గుడ్డ లేదా మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని, సబ్బునీటితో తడిపి తుడవాలి. ఆ సమయంలో పిల్లలను, ఉబ్బసం ఉన్నవారిని గదిలో ఉంచరాదు. బ్లీచింగ్ ద్రావణాన్ని మరుగుదొడ్డి కడిగే ఆమ్లంతో ఎన్నడూ కలపరాదు. ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. బూజు లోపలిదాకా పాకిన పరుపులు, దిండ్లు, అట్టలు వదిలించుకోవడమే మేలు. ఏసీ జల్లెడను వేసవిలో తరచుగా కడగాలి. గొట్టం కొననుంచి నీరు పడుతున్నదో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలి. యంత్రం నడుస్తున్నా, ఉక్కపోతగా ఉన్న రోజున చుక్క కూడా పడకపోతే అది సంతోషించవలసిన విషయం కాదు. బీరువాను గోడకు ఆనించకుండా బెత్తెడు ఎడంగా పెట్టాలి. బయటి గాలి పొడిగా ఉన్న వేళ చూసి రోజుకు కాసేపైనా కిటికీ తెరవాలి.

ఇవన్నీ చిన్న పనులే. డబ్బుకంటే ఓపిక ఎక్కువగా కోరే పనులు. మచ్చను కప్పడానికి ఒక పూట చాలు. నీటి జాడ పట్టుకోవడానికి గోడను తడమాలి, మూత విప్పాలి, కిటికీలోనుంచి వంగి చూడాలి, ఒక్కొక్కసారి మెట్లు దిగి పొరుగువారి తలుపు తట్టాలి. అపార్టుమెంటులో గోడలు ఎవరివి వారివే అయినా నీటికి ఆ హద్దులు తెలియవు. ఒకరి ఇంట్లో జారిన చుక్క మరొకరి బిడ్డకు దగ్గు కావచ్చు. గోడమీది మచ్చ లోపల ఏదో సరిగా లేదని ఇల్లు చేసే ఫిర్యాదు. దానిని విని లోపలికి చూసేవారి ఇల్లే ఆరోగ్యంగా ఉంటుంది.